మావయ్య జానతో కొలిచిన ఇంజను

నౌపడ స్టేషన్లో ప్యాసింజరు దిగి అవతలి వైపుకి నడిస్తే అక్కడ మా బండి నిలబడి ఉండేది. పెద్ద లైను బండి పక్కన అది ఆవు పక్కన లేగదూడలా కనిపించేది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. రైల్వే కాగితాల్లో దాని పేరు ఏదైనా, మాకు మాత్రం అది చిన్నబండి. కొందరు గుణుపురం బండి అనేవారు.

ఏటా వేసవి సెలవులకి అమ్మ మమ్మల్ని పాతపట్నం తీసుకెళ్ళేది. నౌపడ ఉప్పుమళ్ళు దాటగానే గాలి మారేది. టెక్కలి వచ్చేసరికి కిటికీల్లోంచి జీడిపిక్కల బుట్టలు లోపలికి వచ్చేవి, తాటిముంజలు వచ్చేవి. దూరంగా మహేంద్రగిరి కొండలు మాతోపాటే నడిచేవి. బండి ఎంత నెమ్మదిగా వెళ్ళేదంటే, పక్కన సైకిలు మీద వెళుతున్న మనిషితో ఎక్కడికి వెళుతున్నావో, ఇంట్లో అందరూ బాగున్నారో మాట్లాడుకోవచ్చు.

అందరికీ అది బండి, నాకు మాత్రం మావయ్య బండి. మా మేనమామ ఆ లైన్లో ఫైర్‌మన్, అంటే ఇంజన్లో బొగ్గు వేసే మనిషి. పొడుగాటి మనిషి. ఇంజను మీద ఎప్పుడు చూసినా మెడ కొంచెం వంచే ఉండేవాడు. తలకి గుడ్డ, మీద టోపీ, వెనక జేబులో నూనె పీల్చిన కాటన్ వేస్టు. ఇంటికి వచ్చాక అమ్మమ్మ వేణ్ణీళ్ళు తోడి ఎంత రుద్దించినా ఆ వాసన పోయేది కాదు. బొగ్గు, వేడి నూనె, తడి ఆవిరి కలిసిన వాసన. రాత్రి అరుగు మీద ఆయన పక్కన పడుకుంటే, నాకు నిద్ర ఆ వాసనలోనే పట్టేది.

ఆ లైను కథ కూడా మావయ్యే చెప్పేవాడు. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతిగారు తన ఊరికి రైలు కావాలని పట్టుబట్టి సొంత సొమ్ముతో వేయించిన లైను అది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి బండి నడిచింది. 1931కి గుణుపురం దాకా వెళ్ళింది. మొత్తం కలిపి దాదాపు 90 కిలోమీటర్లు. మావయ్య ఇది చెప్పేటప్పుడు రాజుగారు ఆయనతోనే సంప్రదించి వేయించినట్టు చెప్పేవాడు, నేను అలాగే నమ్మేవాణ్ణి.

1990ల్లో ఆవిరి ఇంజన్లు పోయి డీజిల్ వచ్చింది. 2004లో పెద్ద లైను వేయడానికి చిన్న లైన్ని మూసేశారు. అప్పటికి మావయ్య రిటైరయ్యాడు. పట్టాలు ఊడదీస్తున్నారని ఫోన్లో చెప్పి, ఆ తరవాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పెద్ద లైను వస్తే మంచిదే, విశాఖపట్నానికి తిన్నగా వెళ్ళొచ్చు అన్నాను నేను. తెలివైన మాటే అన్నాననుకున్నాను. ఇప్పుడైతే అనను.

రెండేళ్ళకి ఉద్యోగం ఇంగ్లండులో వచ్చింది. డర్బీషైర్లో ఒక చిన్న ఊళ్ళో ఇల్లు తీసుకున్నాం. 2008 వేసవిలో ఒక ఆదివారం ఐదేళ్ళ మా అబ్బాయిని పార్కుకి తీసుకెళ్ళాను. చెట్ల అవతలి నుంచి కూత వినిపించింది. కూత కంటే ముందు వాసన తగిలింది. బొగ్గు, వేడి నూనె, తడి ఆవిరి. పిల్లాడి చెయ్యి పట్టుకుని ఎంత వేగంగా నడిచానంటే వాడు, నాన్నా మెల్లగా, అని ఏడుపు మొహం పెట్టాడు.

అక్కడ నేలమీద ఏడుంబావు అంగుళాల ఎడంతో పట్టాలు. నా జాన కంటే తక్కువ. వాటి మీద ఆకుపచ్చ ఇంజను. బొమ్మ కాదు, నిజంగా బొగ్గుతో మండుతోంది, నిజంగా ఆవిరితో నడుస్తోంది. దాన్లో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఇంజను మీద కాదు, వెనకా కాదు, లోపల. ఆయన మెడ కొంచెం వంచి ఉన్నారు. నన్ను అక్కడ నిలబెట్టేసింది ఆ వంపే.

ఎందుకలా అనిపించిందో తరవాత లెక్క వేసుకుంటే తెలిసింది. ఇంగ్లండులో పెద్ద రైలు పట్టాల ఎడం నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. దాన్ని ఏడుంబావు అంగుళాలకి కుదిస్తే ఇంజను అసలు సైజులో దాదాపు ఎనిమిదో వంతు అవుతుంది. అది ఎంత అందంగా చేసినా దాని చిమ్నీ మోకాలి ఎత్తు దాటదు. నడిపేవాడు వెనక బొగ్గూ నీళ్ళూ మోసే టెండరు మీద కూర్చుని కొండలా కనిపిస్తాడు. అదే ఏడుంబావు పట్టాల మీద నేరో గేజి ఇంజన్ని, అంటే మా చిన్నబండిలా పట్టాల ఎడం తక్కువున్న లైను ఇంజన్ని నిలబెట్టండి. మా చిన్నబండి గేజి 30 అంగుళాలు, కనుక ఇంజను అసలులో నాలుగో వంతు వస్తుంది. వేల్స్ పలకరాయి గనుల ఇంజన్ల గేజి రెండడుగులకి కొంచెం తక్కువ, అవైతే మూడో వంతు వస్తాయి. పట్టాలు అవే, ఇంజను మాత్రం అమాంతం పెరిగిపోతుంది. మనిషి లోపల కూర్చోవచ్చు. మనిషికీ యంత్రానికీ మధ్య ఉండాల్సిన పొత్తు ఉంటుంది. నేరో గేజి ఇంజన్ల దగ్గర మనిషి ఎప్పుడూ కొంచెం పెద్దగానే కనిపిస్తాడు. నౌపడలోనూ అంతే కదా.

మరుసటి సంవత్సరం ఆ పట్టాలు వేసిన క్లబ్బులో చేరాను. ఇంగ్లండులో ఇలాంటి చిన్న ఇంజన్లు కట్టి నడిపే మోడల్ ఇంజనీరింగ్ క్లబ్బులు చాలా ఊళ్ళలో ఉన్నాయి. ఈ అభిరుచికి వందేళ్ళు దాటిన చరిత్ర ఉంది. పెర్సివల్ మార్షల్ అనే ఆయన 1898లో దీనికోసమే ఒక పత్రిక పెట్టారు, అది ఈ రోజుకీ వస్తోంది. కానీ క్లబ్బులో చేరగానే ఇంజను ఇస్తారనుకుంటే పొరపాటు. మొదటి ఏడాదంతా నేను పట్టాల పక్కన గడ్డి పీకాను, కంకర సర్దాను, చెక్క స్లీపర్లు మార్చాను, పాకలో టీ కప్పులు కడిగాను. ఆదివారం బండి వెనక గార్డుగా పచ్చజెండా పట్టుకున్నాను. నాకు ఒక్కరోజూ విసుగు రాలేదు. ఆ కప్పులు కడిగేచోట నిలబడితే ఇంజన్లకి నిప్పు పెట్టే చోటు కనిపిస్తుంది.

ఆకుపచ్చ ఇంజను పెద్దాయన జీవితమంతా ఫ్యాక్టరీలో పనిముట్లు చేసిన మనిషి. చేతివేళ్ళు మందంగా, గోళ్ళ చుట్టూ నల్లటి గీత. ఆయన ఇంజను ఏ ఒక్క అసలు ఇంజనుకీ నకలు కాదు. ఫలానా కంపెనీవాళ్ళు ఫలానా చెరకు తోటకి చేసి ఉంటే ఇలా ఉండేది అని ఊహించుకుని కట్టుకున్నది. ఐదు అంగుళాల పట్టాల మీద పెద్ద లైను ఇంజన్లు చేసేవాళ్ళు రివెట్లు లెక్కపెట్టుకుంటారు, ఫొటోలో ఉన్న ప్రతి పైపూ ఉండాలంటారు. వాళ్ళ ఓపికకి దణ్ణం పెట్టాల్సిందే. నేరో గేజి వాళ్ళది వేరే దారి. నిజం నేరో గేజి లైన్లలోనే ఏ ఇంజనూ పుట్టినట్టు ఉండేది కాదు. ఎక్కడిదో చిమ్నీ, ఎవరిదో డోము, ఊళ్ళో కమ్మరి కొట్టిన మెట్టు. కాబట్టి ఇక్కడ ఊహకి చోటుంది. ఐదంగుళాల్లో జాక్ బక్లర్ అనే ఆయన గీసిన స్వీట్ పీ అనే చిన్న ఇంజను ఉంది, బాగ్‌నాల్ కంపెనీ ఇంజన్ల పోలికతో. ఎంతమంది దాన్ని కట్టారో, ఏ రెండూ ఒకేలా ఉండవు.

మా క్లబ్బుకి దగ్గర్లోనే డఫీల్డ్ అనే ఊరుంది. సర్ ఆర్థర్ హేవుడ్ అనే దొరగారు 1874 నుంచి అక్కడ తన తోటలో 15 అంగుళాల గేజితో రైలు వేసుకుని, నిజంగా సరుకు మోయడానికి పనికొచ్చే రైలు ఎంత సన్నగా ఉండొచ్చు అని ప్రయోగాలు చేశాడు. 15 అంగుళాలకి తగ్గకూడదని తేల్చాడు. పెద్దాయన నన్ను ఒక సాయంత్రం ఆ వైపు కారులో తీసుకెళ్ళి, “ఇక్కడే, ఈ కొండ వాలు మీదే,” అని చూపించారు. చూడ్డానికి అక్కడ పట్టాలేమీ లేవు. ఇద్దరం అయినా కాసేపు నిలబడ్డాం. పాతపట్నంలో పట్టాలు ఊడదీసిన కట్ట మీద మావయ్య కూడా ఇలాగే నిలబడి ఉంటాడు కదా అనిపించింది.

రెండో ఏడు నన్ను ఇంజను దగ్గరికి రానిచ్చారు. పొద్దున్నే వెళ్ళి, పొడుగాటి బ్రష్షుతో బాయిలరు గొట్టాల్లో మసి తోసెయ్యాలి. బూడిద తీసెయ్యాలి. ప్రతి కీలుకీ నూనె చుక్క. నీళ్ళు నింపి గాజుగొట్టంలో మట్టం చూడాలి. కిరసనాయిల్లో నానబెట్టిన కట్టెబొగ్గుతో నిప్పు రాజేసి, చిమ్నీ మీద చిన్న కరెంటు ఫ్యాను బోర్లించాలి. అది గాలి పైకి లాగుతుంది. మెల్లిగా వేల్స్ బొగ్గు ముక్కలు, బఠాణీ గింజ కంటే కొంచెం పెద్దవి. ఒత్తిడి చూపే ముల్లు కదిలి, ఇంజను సొంత ఆవిరితో చిమ్నీలో గాలి లాగగలిగాక ఫ్యాను తీసేస్తాం. ఆ క్షణం నాకు ఇప్పటికీ చాలా ఇష్టం. అంతవరకూ మనం ఊపిరి ఊదుతున్న వస్తువు, అక్కణ్ణుంచి తనంతట తనే ఊపిరి తీసుకుంటుంది.

బాయిలరు విషయంలో ఇక్కడ ఎవరూ మొహమాటపడరు. కొత్త బాయిలర్ని పనిచేసే ఒత్తిడికి రెట్టింపు దాకా నీళ్ళతో పరీక్షిస్తారు. ఆ తరవాత కూడా గడువు ప్రకారం ఒకటిన్నర రెట్లకి మళ్ళీ పరీక్ష. కాగితం లేకపోతే, చేసినవాడు ఎంత పాత సభ్యుడైనా నిప్పు పెట్టనివ్వరు. పెద్దాయన నాకు నేర్పిన మొదటి పాఠం కూడా నీళ్ళ గురించే. గాజుగొట్టంలో నీళ్ళు కనిపించాయని నమ్మకు, కింద కుళాయి తిప్పి నీళ్ళు వదిలి, మళ్ళీ పైకి ఎగసి వస్తున్నాయో లేదో చూడు అనేవారు. ఇంజన్ని కుదించగలం, నీటి చుక్కని కుదించలేం. గొట్టం సన్నమైతే నీళ్ళు గోడకి అంటుకుని, మధ్యలో బుడగ నిలిచిపోయి, లేని నీళ్ళు ఉన్నట్టు చూపిస్తాయి. బాయిలరు చిన్నదైనకొద్దీ నీళ్ళూ అంతే తొందరగా తరిగిపోతాయి. పెద్ద ఇంజన్లో పావుగంట తీరిక ఉంటే ఇక్కడ రెండు నిమిషాలు.

ఆ రెండు నిమిషాలు నాకు 2011లో ఒక ఆదివారం వచ్చాయి. ఎండగా ఉంది. పిల్లలు బారులు తీరి ఉన్నారు. బండి మీద పద్నాలుగు మంది. మూడో చుట్టులో ఎత్తు ఎక్కుతుండగా ఇంజెక్టరు తెరిచాను. అది బాయిలర్లోకి నీళ్ళు తోయాలి. తోయకుండా బయటి గొట్టంలోంచి వేడినీళ్ళూ ఆవిరీ కక్కింది. మూసి మళ్ళీ తెరిచాను. అదే తీరు. చేతిపంపు కొట్టాను, దాని వాల్వులో నలుసు పడిందో ఏమో, ఊరికే ఆడింది. గాజుగొట్టంలో నీటిగీత దిగుతోంది. బండి ఆపాను. పెద్దాయన చెప్పినట్టే, నిప్పు కింది జల్లెడని పట్టి ఉంచే పిన్ను లాగాను. నిప్పంతా బూడిదపెట్టెలోకీ, పట్టాల మధ్యకీ పడిపోయింది. పద్నాలుగు మందినీ దింపి నడిపించి తీసుకొచ్చాం. ఒక చిన్నపాప నా వైపు చూసి, ఇంజను చచ్చిపోయిందా అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. “నిప్పు దించావు. బాయిలరు మిగిలింది. మిగతాది రేపు చూద్దాం,” అన్నారంతే. మరునాడు విప్పి చూస్తే, బాయిలరు దగ్గరి వాల్వు సరిగ్గా మూసుకోక వేడినీళ్ళు వెనక్కి కారుతున్నాయి. దాంతో ఇంజెక్టరు ఒళ్ళంతా కాగిపోయింది. ట్యాంకులో నీళ్ళూ ఎండకి వెచ్చబడ్డాయి. వేడెక్కిన ఇంజెక్టర్లో ఆవిరి చల్లబడి నీరు కాలేదు, కాకపోతే అది నీళ్ళని లాగలేదు.

అలా విప్పి చూడకముందే, ఆ ఆదివారం రాత్రే, నిద్ర పట్టక, మావయ్యకి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారుతోంది. జరిగింది చెప్పాను. నేను ఇలాంటి క్లబ్బులో తిరుగుతున్నానని ఆయనకి తెలుసు గానీ, అదేదో పిల్లల బొమ్మ రైలనుకున్నాడు. ఇంజెక్టరు అనేసరికి గొంతు మారిపోయింది.

“తడి గోనె సుట్టలేదేటిరా?”

“గోనె ఏమిటి మావయ్యా?”

“ఇంజెక్టరు కాగిపోతే నీల్లు అందుకోదురా బావూ. తడి గోనెముక్క సుట్టి, పైన సెంబుడు సల్లనీల్లు పొయ్యాల. టెక్కలి దాటేక మాకు రోజూ అదే పని.”

ఆ రోజు నుంచి నా ఇంజను పెట్టెలో ఒక గోనెముక్క ఉంటుంది. పెద్దాయన దాన్ని చూసి ఎవరు నేర్పారని అడిగారు. మా మేనమామ అన్నాను. ఆయన్ని ఒకసారి తీసుకురా అన్నారు.

2014 జూన్‌లో మావయ్య వచ్చాడు. ఒక బుధవారం, జనం లేని రోజు చూసి క్లబ్బుకి తీసుకెళ్ళాను. స్వెట్టరు మీద కోటు, కోటు మీద మఫ్లరు. నవ్వుతాడేమో, ఇదేటి బొమ్మలాట అంటాడేమో అని నాకు లోపల బెదురు. మావయ్య నవ్వలేదు. ఇంజను చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి, ఒక మోకాలు నేలకి ఆనించి, కింద బూడిదపెట్టె చూశాడు. ఇంజెక్టరు పైపు మీద అరచెయ్యి కాకుండా చేతివెనక ఆనించి చూశాడు. అప్పుడు లేచి నాతో అన్నాడు: “సల్లగానే ఉన్నాది. వాల్వు బాగుసేసినారు.”

బొగ్గు ముక్క చేతిలోకి తీసుకుని వేళ్ళతో నులిమాడు. వేల్స్ బొగ్గు గట్టిగా మెరుస్తూ ఉంటుంది, బూడిద చాలా తక్కువ. మావయ్య వాళ్ళకి వచ్చే బొగ్గులో బూడిద పాలే ఎక్కువ, దారిలో ఎన్నిసార్లు ఆ బూడిద లాగి పారేసేవాళ్ళో. “ఇలాటి బొగ్గు మాకిస్తే గుణుపురం పోయి రెండుపాలి తిరిగొచ్చుదుము,” అన్నాడు.

పెద్దాయన పార ఇచ్చారు. పార అంటే గరిటె అంత. మావయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సరిగ్గా మూడు వేళ్ళతో పట్టుకున్నాడు. బొగ్గు మధ్యలో గుట్ట పొయ్యలేదు. వెనక మూలల్లో రెండు, పక్కల్లో ఒక్కొక్కటి, తలుపు కిందికి ఒకటి, పలచగా. ప్రతిసారీ తలుపు ఠక్కుమని మూశాడు. నేను వేసేటప్పుడు తలుపు తీసి ఉంచుతానని, ఆ చల్లగాలికి గొట్టాలు కారతాయని అక్కడికక్కడే చెప్పాడు. నాలుగేళ్ళుగా పెద్దాయన నాతో మొత్తుకుంటున్నదీ అదే. ఆయన మాత్రం అప్పుడు చిమ్నీ వైపు చూస్తున్నారు. పలచటి బూడిదరంగు పొగ, కనిపించీ కనిపించనంత. తల ఊపారు.

ఆ పూటంతా ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఈయనది టెక్కలి తెలుగు, ఆయనది డర్బీషైర్ ఇంగ్లీషు. మొదట్లో నేను మధ్యలో ఉండి చెప్పబోయాను. కాసేపటికి నా అవసరం లేదని తెలిసి టీ పెట్టడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మావయ్య ఇంజన్లో కూర్చుని ఉన్నాడు, మెడ వంచి. పెద్దాయన పక్కనే నడుస్తున్నారు. బండి మనిషి నడకతోనే వెళుతోంది. ఒక చుట్టు తిరిగి వచ్చాక ఇద్దరూ కాటన్ వేస్టుతో చేతులు తుడుచుకుని, ఆ వేస్టుని ఇద్దరూ ఒకేలా వెనక జేబులో కుక్కుకున్నారు. నేను ఆ టీ చల్లారిపోయేదాకా చూస్తూ ఉండిపోయాను.

ఆ రాత్రి మావయ్య పడుకోబోతూ కోటు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మా ఆవిడ ఉతుకుతానంటే ఇవ్వలేదు.

పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన ఇంజన్ని వాళ్ళ మనవడు నడుపుతున్నాడు. దక్షిణ వేల్స్‌లో మెర్తిర్ టిడ్‌ఫిల్ దగ్గరి ఫోస్-ఇ-ఫ్రాన్ గని 2023లో మూతపడ్డాక ఆ మెరిసే బొగ్గూ లేదు. బయటి దేశాల బొగ్గు, అచ్చుపోసిన బొగ్గు ఉండలు వాడుతున్నాం. మండుతాయి, ఇంజను నడుస్తుంది, వాసన మాత్రం వేరు.

నా సొంత ఇంజను ఇప్పుడు గ్యారేజీలో సగం లేచింది. చక్రాలు, సిలిండర్లు అందరూ వాడే నమూనావే. పైభాగం మాత్రం మావయ్య బండి కావాలి. నా దగ్గర నక్షాలు లేవు. ఫొటోల్లో బయటి రూపం దొరుకుతుంది, లోపల ఏది ఎక్కడుందో దొరకదు. అందుకని ఆదివారాలు మావయ్యకి ఫోన్ చేసి అడుగుతాను. ఆయన అడుగుల్లో, అంగుళాల్లో చెప్పడు. బొగ్గు తలుపు జానన్నర. నేల నుంచి, ఆవిరి వదిలే రెగ్యులేటరు పిడి తన రొమ్ము కిందికి బెత్తెడు. కిటికీ మూరకి నాలుగు వేళ్ళు తక్కువ. అక్కడ ఆయన మనవరాలు టేపుతో ఆయన జాన కొలిచి పంపింది: తొమ్మిదింబావు అంగుళాలు. నా ఇంజన్లో అడుగుకి 2.9 అంగుళాల లెక్క. అంటే మావయ్య జాన నాకు 57 మిల్లీమీటర్లు, బొగ్గు తలుపు 85. ఆ తలుపు కోసి, చిలకలు పెట్టి, వీడియోలో ఠక్కుమని మూసి వినిపించాను. ఇంకొంచెం బరువుండాలన్నాడు. మందమైన రేకుతో మళ్ళీ చేశాను.

తేలనిది పైకప్పు ఎత్తు. మొదట, నిలబడితే తల తగిలేది అన్నాడు. తరవాతి వారం తల కాదు టోపీ అన్నాడు. ఆ తేడా నా లెక్కలో పన్నెండు మిల్లీమీటర్లు, వదిలేసేది కాదు. ద్వారబంధం పక్కన నిలబెట్టి పెన్సిలు గీత గీయమని మనవరాలికి చెప్పాను. ఆ పిల్ల గీసింది, కొలిచింది కూడా. మావయ్య ఫోన్ తీసుకుని, “అది రాసుకోకురా బావూ. నాను ఇప్పుడు వంగిపోనాను కదా, ఆ ఎత్తు పనికిరాదు,” అన్నాడు.

అత్తయ్యని అడిగి, రిటైరైన రోజు దిగిన ఫొటో వెతికిస్తున్నాడు. కప్పు రేకు ఇంకా కొయ్యలేదు.